భుజంలో ఏ కండరం పనిచేస్తోంది?

భుజం నొప్పితో ఫిజియోథెరపీకి వెళ్లినవారి చేతికి సాధారణంగా ఒక కాగితం వస్తుంది. దాని మీద నాలుగైదు బొమ్మలు, పక్కన "పదిసార్లు, రోజుకు మూడు పూటలా" అని రాసి ఉంటుంది. ఇంటికొచ్చాక మన దృష్టంతా ఆ లెక్క పూర్తి చేయడం మీదే. చెయ్యి లేచిందా, దిగిందా, పది అయ్యాయా, అంతవరకే చూసుకుంటాం. ఆ కాగితం మీద లేని విషయం ఒకటుంది. ఒకే వ్యాయామాన్ని ఇద్దరు ఒకే ఎత్తుకు, ఒకే లెక్కన చేసినా వారి భుజాల్లో పనిచేసే కండరాలు ఒకటే కావాలని లేదు. ఒకరికి కోలుకోవాల్సిన కండరమే పనిచేస్తుంది. ఇంకొకరికి దాని పని కూడా పక్కనున్న బలమైన కండరం చేసిపెడుతుంది. ఆ రెండో మనిషి నెలల తరబడి శ్రద్ధగా చేసినా జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, అటక మీది డబ్బా అందదు. అంత ఓపికగా చేసినవారు "నాకు ఫిజియో పడలేదు" అని మానేయడం చూస్తే బాధనిపిస్తుంది. వాళ్లు పడ్డ కష్టంలో లోపం లేదు, అది చేరాల్సిన కండరానికి చేరలేదంతే.

అందుకే ముందు భుజం లోపల ఏముందో చూద్దాం. తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజం దగ్గర జబ్బ ఎముక తల పెద్దది, దాన్ని మోసే గుంట చిన్నది, లోతు తక్కువ. బడి ఆటల పోటీల్లో స్పూను నోట కరచుకుని, దాని మీద నిమ్మకాయ పెట్టుకుని నడిచిన రోజులు గుర్తు చేసుకోండి. నిమ్మకాయ పడకూడదంటే స్పూను క్షణక్షణం సర్దుకుంటూ ఉండాలి. భుజంలో ఆ స్పూను పని చేసేది రెక్క ఎముక, వీపు పైభాగంలో రెండు వైపులా చేతికి తగిలే మూడు మూలల ఎముక. చెయ్యి ఎటు కదిలితే అటు అది పక్కటెముకల మీదుగా జారుతూ, తిరుగుతూ గుంటను ఎముక తల కిందికి తెస్తుంది.

జబ్బ ఎముక తలను ఆ గుంటకు అదిమి పట్టేవి నాలుగు చిన్న కండరాలు: సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటి మీద భుజం గుండ్రంగా కనిపించేలా కప్పి ఉండే పెద్ద కండరం డెల్టాయిడ్. చెయ్యి ఎత్తబోయినప్పుడు డెల్టాయిడ్ జబ్బ ఎముకను పైకి లాగుతుంది. అదే క్షణంలో కఫ్ కండరాలు ఎముక తలను గుంటలోకి లాగి నిలపాలి. డెల్టాయిడ్ బలంగా ఉండి కఫ్ నీరసపడితే తల పైకి జరుగుతుంది, చెయ్యి ఎత్తే దారిలో నొప్పి పుడుతుంది. భుజం పునరావాసంలో సగం పని ఈ తగువు తీర్చడమే. బలమైనదాన్ని కాస్త తగ్గించి, బలహీనమైనదాన్ని ముందుకు తేవాలి.

చెయ్యి పూర్తిగా పైకెత్తడంలో భుజం కీలు, రెక్క ఎముక కలిసి కదిలే లయను గుర్తించి దానికి పేరు పెట్టినవాడు అమెరికాలోని బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ ఆమరీ కాడ్మన్. భుజం మీద ఆయన పుస్తకం 1934లో వచ్చింది. మన ఫిజియోలు ఇవాళ్టికీ నేర్పే లోలకం వ్యాయామం, అంటే ముందుకు వంగి చేతిని వేలాడదీసి ఊపడం, ఆయన పేరుతోనే ఉంది. పదేళ్ల తర్వాత 1944లో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అనే ముగ్గురు ఆ లయను కొలిచారు. మొత్తం మీద చూస్తే కీలు రెండు డిగ్రీలు తిరిగినప్పుడల్లా రెక్క ఎముక ఒక డిగ్రీ తిరుగుతుందని వాళ్లు చెప్పారు. చెయ్యి 180 డిగ్రీలు లేచిందంటే దాదాపు 120 కీలువి, 60 రెక్క ఎముకవి. కండరాల్లో పుట్టే విద్యుత్తును నమోదు చేసి భుజం కదలికను వివరించిన తొలి పెద్ద పరిశోధనల్లో అదొకటి.

ఆ నమోదు పద్ధతి పేరు ఎలక్ట్రోమయోగ్రఫీ, పొట్టిగా ఈఎమ్‌జీ. కండరం పనిచేసేటప్పుడు అందులో సూక్ష్మమైన విద్యుత్తు పుడుతుంది. డెల్టాయిడ్ లాంటి పైపై కండరాలకు చర్మం మీద ఎలక్ట్రోడ్లు అతికిస్తే చాలు. లోతున ఉన్న సుప్రాస్పినేటస్, సబ్‌స్కాపులారిస్ సంగతి తెలియాలంటే వెంట్రుకంత సన్నని తీగను సూదితో లోపలికి పంపాలి. ముందుగా మనిషి చేత ఆ కండరాన్ని శక్తి కొద్దీ బిగింపజేసి దాన్ని 100గా తీసుకుంటారు. తర్వాత ఒక్కో వ్యాయామంలో అది అందులో ఎంత శాతం పనిచేస్తోందో చూస్తారు. 20 శాతం లోపు తక్కువ, 40 దాకా మధ్యస్థం, 60 దాకా ఎక్కువ, ఆపైన చాలా ఎక్కువ అని పరిశోధకులు స్థూలంగా విభజిస్తారు.

ఈ అంకెల్ని చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. వీటిలో ఎక్కువ భాగం ఆరోగ్యంగా ఉన్న భుజాల మీద తీసినవి, నొప్పి ఉన్న భుజం వేరే దారి వెతుక్కుంటుంది. అలాగే శాతం ఎక్కువైతే వ్యాయామం గొప్పదనుకోకూడదు. తెగిన టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీని, సర్జన్ కుట్టి నెల కూడా కాని మనిషికి 60 శాతం అపాయం. ఆరు నెలలుగా నొప్పి లేక, క్రికెట్ బంతి మళ్లీ విసరాలనుకునే కుర్రాడికి 15 శాతం ఎందుకూ చాలదు.

బరువు పట్టకముందే ఉన్న బరువు

"నేను డంబెల్ ఏమీ పట్టుకోలేదు, ఊరికే చెయ్యి ఎత్తాను, అయినా నొప్పి వచ్చింది" అని చాలామంది అంటారు. ఒక చిన్న లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. మనిషి చెయ్యి బరువు శరీర బరువులో దాదాపు ఇరవయ్యో వంతు. 60 కిలోల మనిషికి ఒక్కో చెయ్యి మూడు కిలోలు. చెయ్యి చాచి అడ్డంగా పట్టుకుంటే ఆ బరువంతా కీలుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. దాన్ని నిలబెట్టే కండరాలు మాత్రం కీలుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. అంటే దాదాపు పది రెట్ల బలంతో, 30 కిలోల లాగుడు. ఇప్పుడు అరచేతిలో అర లీటరు నీళ్ల సీసా పెడితే అది కీలుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఆ భారం ఇంకో మూడో వంతు పెరుగుతుంది. ఆ సీసా చూడటానికే చిన్నది.

ఇదే లెక్క మనకు మేలు కూడా చేస్తుంది. మోచెయ్యి మడిచి ఎత్తితే బరువు కీలుకు దగ్గరవుతుంది, కండరం మీద భారం సగం దాకా తగ్గుతుంది. వెల్లకిలా పడుకుని ఎత్తితే, చెయ్యి నిటారుగా లేచేసరికి బరువు కీలు మీదికే వస్తుంది, కండరం దాన్ని మోయనక్కర్లేదు. అందుకే మంచి ఫిజియో మొదట మంచం మీద పడుకోబెట్టి, రెండో చేత్తోనో కర్రతోనో సాయం పట్టించి ఎత్తిస్తారు. ఆ తర్వాత దిండ్లు పెట్టి వాల్చి, ఆపైన కూర్చోబెట్టి, చివరికి నిలబెట్టి చేయిస్తారు. కొత్త పరికరం ఏదీ కొనకుండానే భారం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. నిలబడి చేస్తే భుజం చెవి వైపు ఎగబాకుతోందంటే సిగ్గుపడకుండా మళ్లీ పడుకుని చేయండి.

టెండన్ కుట్టించుకున్నవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ ఉంటుంది. ఆ రోజుల్లో లోలకం వ్యాయామం కండరానికి పూర్తి విశ్రాంతినిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2010లో వెలువడిన ఒక ఈఎమ్‌జీ పరిశోధనలో చిన్న వలయాలు తిప్పినప్పుడు ఆ మాట చాలావరకు నిలిచింది. అర మీటరు వెడల్పున పెద్ద వలయాలు తిప్పితే మాత్రం సుప్రాస్పినేటస్, ఇన్‌ఫ్రాస్పినేటస్ 15 శాతం దాటి పనిచేశాయి. సీసా ఎత్తి నీళ్లు తాగినా అంతే. ఇందులో ఇంట్లో పనికొచ్చే పాఠం ఉంది. లోలకంలో చేతిని భుజంతో తిప్పకూడదు. నడుము, మోకాళ్లు మెల్లగా ఊగాలి, ఆ ఊపుకు చెయ్యి దానంతటది కదలాలి, వలయం చిన్నదిగా ఉండాలి. వ్యాయామమంతా పద్ధతిగా చేసి, పక్కనే ఉన్న మంచినీళ్ల సీసాను అదే చేత్తో ఎత్తి తాగేవారు చాలామంది. స్లింగ్ రోజుల్లో గ్లాసు, దువ్వెన, టూత్‌బ్రష్ అన్నీ రెండో చేతికి అప్పగించండి. సర్జన్ చెప్పకముందే "కొంచెం కదిపి చూద్దాం" అనుకోకండి. కుట్టిన టెండన్ ఎముకకు అతుక్కోవడానికి వారాలు పడుతుంది, నొప్పి తగ్గడం అతుక్కుందనడానికి గుర్తు కాదు. చాలా చోట్ల ఆరో వారం ప్రాంతంలో సొంతంగా చెయ్యి ఎత్తడం, పన్నెండో వారం ప్రాంతంలో బలం పెంచడం మొదలుపెడతారు. చిరుగు ఎంత పెద్దదో చూసిన సర్జన్ మాటే మీ విషయంలో ఆఖరిది.

బలం పెంచే దశ

ఇక్కడికి వచ్చాక ఒక్క వ్యాయామమే చేయడానికి ఓపిక ఉందంటే, పక్కకు తిరిగి పడుకుని చేతిని బయటికి తిప్పేదాన్ని ఎంచుకోమంటాను. నొప్పి లేని వైపు పడుకోండి. నొప్పి ఉన్న చేతి మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి నడుముకు ఆనించండి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన చేతి తువ్వాలు పెట్టండి. మోచెయ్యి అక్కడి నుంచి కదలకుండా ముంజేతిని మెల్లగా పైకప్పు వైపు తిప్పి, అంతకన్నా మెల్లగా దించండి. రీనోల్డ్ అనే పరిశోధకుడి బృందం 2004లో కొన్ని వ్యాయామాలను పోల్చినప్పుడు ఇన్‌ఫ్రాస్పినేటస్ (62 శాతం), టెరిస్ మైనర్ (67 శాతం) అత్యధికంగా పనిచేసింది ఇందులోనే. జిమ్‌లో ఎవరి కంటా పడని, బొమ్మలో కూడా అందంగా ఉండని ఈ వ్యాయామం భుజానికి చేసే మేలు నిజంగా పెద్దది. తువ్వాలు జారిపడిందంటే మోచెయ్యి శరీరాన్ని వదిలేసిందని, డెల్టాయిడ్ పనిలోకి దూరిందని తెలుసుకోండి. మొదట ఖాళీ చేత్తో చేయండి. తర్వాత అర కిలో పట్టుకోవచ్చు. ఇక్కడ మోచెయ్యి మడిచి ఉంటుంది కాబట్టి ఆ అర కిలో చాచిన చేతిలో ఉన్నంత బరువు కాదు.

సుప్రాస్పినేటస్ కోసం ఒకప్పుడు అందరూ నేర్పింది బొటనవేలు నేల వైపు తిప్పి, డబ్బా ఒంపేస్తున్నట్టు చెయ్యి ఎత్తడం. లాస్ ఏంజెలిస్ సర్జన్ ఫ్రాంక్ జోబ్ 1982లో డయాన్ మోయిన్స్‌తో కలిసి దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు బేస్‌బాల్ ఆటగాడు టామీ జాన్ మోచేతికి చేసిన శస్త్రచికిత్సతో ప్రసిద్ధుడైనవారే ఈ జోబ్. తర్వాతి కొలతలు ఆ సలహాను మార్చేశాయి. బొటనవేలు పైకి పెట్టి ఎత్తినా సుప్రాస్పినేటస్ దాదాపు అంతే పనిచేస్తుందని, డెల్టాయిడ్ మాత్రం తక్కువ పనిచేస్తుందని రీనోల్డ్ బృందమే 2007లో చూపింది. బొటనవేలు కిందికి తిప్పినప్పుడు చాలామందికి నొప్పి కూడా ఎక్కువ. కాబట్టి మీ కాగితంలో పాత బొమ్మ ఉంటే ఫిజియోను అడిగి మార్పించుకోండి. చెయ్యి నేరుగా పక్కకూ కాకుండా, నేరుగా ముందుకూ కాకుండా, పక్క నుంచి ముప్పై నలభై డిగ్రీలు ముందుకు జరిపి, బొటనవేలు పైకి ఉంచి, భుజం ఎత్తు దాకా లేపితే చాలు. రెక్క ఎముక సహజంగా చూసే దిక్కు అదే, కీలుకు సుఖమైన దారీ అదే.

ఇక స్పూను సంగతి. రెక్క ఎముకను పక్కటెముకలకు అంటిపెట్టి ముందుకు తిప్పేది సెర్రేటస్ యాంటీరియర్. చంక కింద పక్కటెముకల వెంట ఉండే ఈ కండరం నీరసిస్తే రెక్క ఎముక లోపలి అంచు వీపు మీద లేచి కనిపిస్తుంది. దీన్ని పనిలోకి దించేది చివరన ఇంకొంచెం తోసే పుష్-అప్. గోడకు రెండు అరచేతులు ఆనించి పుష్-అప్ చేసి, మోచేతులు నిటారు అయ్యాక ఆగకుండా, వీపు పైభాగం వెనక్కి ఉబ్బేలా ఇంకో అంగుళం తోయండి. ఆ ఆఖరి అంగుళమే ఈ వ్యాయామానికి ప్రాణం. అలవాటయ్యాక గోడ నుంచి బల్లకు, బల్ల నుంచి నేలకు దిగవచ్చు. మెడ వైపు ఉండే ట్రెపీజియస్ అనే కండరం పైభాగం జోక్యం గోడ మీద కన్నా నేల మీద తక్కువ.

ఆ ట్రెపీజియస్ పైభాగమే భుజం రోగులందరి ఉమ్మడి సమస్య. చెయ్యి లేవనప్పుడల్లా మెదడు దాన్ని పిలుస్తుంది, భుజం చెవి దగ్గరికి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. బెల్జియంలో ఆన్ కూల్స్ బృందం 2007లో ట్రెపీజియస్ పైభాగం తక్కువగా, మధ్య, కింది భాగాలు ఎక్కువగా పనిచేసే వ్యాయామాల కోసం వెతికింది. వారు ఎంచుకున్న నాలుగూ పడుకుని చేసేవే. రెండు పక్కకు తిరిగి: ఇంతకుముందు చెప్పినట్టు చేతిని బయటికి తిప్పడం, చేతిని ముందుకు ఎత్తడం. రెండు బోర్లా పడుకుని: బొటనవేలు పైకి ఉంచి చెయ్యి పక్కకు ఎత్తడం, చేతిని వెనక్కి ఎత్తడం. మన ఇంట్లో ఎత్తైన మంచం ఉంటే దాని అంచున బోర్లా పడుకుని చెయ్యి కిందికి వేలాడదీస్తే సరిపోతుంది.

అద్దం ముందు నిలబడి చేసుకోవడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. రెండు భుజాల ఎత్తు ఒకేలా ఉందా, మెడ నరాలు బిగుస్తున్నాయా, నడుము పక్కకు వంగుతోందా చూడండి. వీపు మీ కంటికి కనిపించదు కాబట్టి వారానికోసారి ఇంట్లో ఎవరినైనా వెనక నిలబెట్టి, రెక్క ఎముకలు రెండూ ఒకేలా కదులుతున్నాయేమో చూడమనండి, లేదా ఫోన్‌తో వీడియో తీయమనండి. లక్ష్యం పది అయినా ఆరోసారికే భుజం ఎగబాకడం మొదలైతే ఆ రోజుకు మీ లెక్క ఆరు. నొప్పి సున్నా నుంచి పది దాకా లెక్కిస్తే మూడు దాటకూడదని, వచ్చినది మరునాటికి మామూలు స్థితికి రావాలని చాలామంది ఫిజియోలు చెబుతారు. ఇది పాటించదగ్గ హద్దు.

ఏ భుజానికి ఇది వర్తించదు

మధుమేహం ఉన్నవారిలో, ముఖ్యంగా నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య, భుజం మొత్తం పట్టేయడం ఎక్కువగా చూస్తాం. అందరూ ఫ్రోజెన్ షోల్డర్ అనేది దీన్నే. ఇక్కడ తప్పు కండరాలది కాదు, కీలును చుట్టి ఉన్న సంచి బిగుసుకుపోతుంది. తేడా పట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పండి. మీరు తిప్పలేకపోయినా మీ తరఫున ఇంకొకరు మెల్లగా తిప్పగలిగితే, లోపం కండరంలోనో టెండన్‌లోనో ఉండవచ్చు. ఇంకొకరు తిప్పినా అదే చోట ఆగిపోతే సంచి బిగుసుకున్నట్టు అనుమానించాలి. రెండో రకానికి రబ్బరు బ్యాండు లాగి బలం పెంచే ప్రయత్నం నొప్పినే పెంచుతుంది. ముందు వదులు రావాలి, చక్కెర అదుపులోకి రావాలి, బలం మాట ఆ తర్వాత. ఇది డాక్టర్ పరీక్షకు బదులు కాదు, డాక్టర్ దగ్గరికి ఏ ప్రశ్నతో వెళ్లాలో చెబుతుంది.

పక్షవాతం వచ్చినవారి భుజం ఇంకా సున్నితం. చచ్చుబడిన చేతిలో కఫ్ కండరాలు ఎముక తలను పట్టి ఉంచలేవు. ఆ చేతిని పట్టుకుని మంచం మీంచి లేపడం, గిలకకు తాడు కట్టి పైకి లాగించడం మంచి మనసుతో చేసేవే అయినా కీలుకు గాయం చేస్తాయి. లేపేటప్పుడు చేతిని వదిలి, రెక్క ఎముక కింద వీపుకు చెయ్యి ఆనించండి.

గూడ జారి పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నవారికైనా, నగరంలో కీహోల్ శస్త్రచికిత్స చేయించుకున్నవారికైనా, కట్టు విప్పిన రోజు నుంచి కండరానికి పని నేర్పడం తప్పదు. దెబ్బ తగిలిన వెంటనే చెయ్యి అసలు లేవకపోతే, వేళ్లు తిమ్మిరెక్కి బలం పోతే, భుజం నొప్పితో పాటు జ్వరం ఉంటే వ్యాయామాల జోలికి వెళ్లకండి, ముందు డాక్టర్‌కు చూపించండి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మిగిలినవారికి నా విన్నపం ఒక్కటే. ఈసారి ఫిజియో దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం మీది ప్రతి బొమ్మ దగ్గర వేలు పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఏ కండరం కోసం? అది పనిచేస్తోందని నాకు ఎలా తెలుస్తుంది? ఆ కండరం ఎక్కడుందో మీ వీపు మీదో జబ్బ మీదో తాకి చూపించమనండి. వచ్చిన జవాబును అదే కాగితం మీద, మీ చేతిరాతతో, తెలుగులో రాసుకుని ఇంటికి తీసుకెళ్లండి.